కుక్కమీది పిడుదు, గోడలోని పిడుదు

ఎండకాలము వెనుకబడి, తొలకరి చినుకులు పడియు నేల పూర్తిగా చల్లారక, ఉక్కయు తేమయు కలిసి దేహమును బాధించు దినములలో, కుక్కలను పెంచుకొను గృహస్థులు పశువైద్యుని యెదుట చెప్పుకొను మొరలలో తరచుగా వినవచ్చునది ఒకటి కలదు. "ఎన్ని తీసినా మళ్ళీ పడుతున్నాయండీ" అని వారందురు. నిన్నటి సాయంకాలము ఇంటిల్లిపాదియు కూర్చుండి, చెవులలోనివి, కాలివ్రేళ్ళ సందులలోనివి, మెడకు కట్టిన బెల్టు క్రిందివి, ఒక్కటియు విడువక ఏరివేసితిమనియు, నేటి ఉదయమునకు మరల అన్నియు కనబడుచున్నవనియు, ఇవి ఎచ్చటనుండి వచ్చుచున్నవో తెలియకున్నదనియు వేదనతో చెప్పుదురు. కొన్ని తావుల గోమారులనియు, కొన్ని తావుల పిడుదులనియు మనవారు పిలుచు ఈ రక్తపాయి ప్రాణిని గురించి నేడు ప్రసంగింపబూనితిని. ఆ గృహస్థుల ప్రశ్నకు సమాధానము దొరకినచో తక్కిన విషయమంతయు దానివెంట నడచి వచ్చును గావున, ముందుగా ఆ ప్రశ్ననే చేపట్టుదును.

పిడుదు కీటకము కాదు. ఈగ, దోమ, పేను, నల్లి మున్నగునవి ఆరుకాళ్ళ జాతికి చెందగా, ఇది సాలెపురుగునకును తేలునకును జ్ఞాతియై, ఎదిగిన దశయందు ఎనిమిది కాళ్ళు కలిగియుండును. లోకమున పిడుదుల జాతులు వందలకొలది యున్నను, మన యిండ్లలోని కుక్కలను పట్టి పీడించునది ముఖ్యముగా ఒక్కటే. గోధుమవన్నె కలిగి, ప్రపంచమందలి వెచ్చని దేశములన్నింటను వ్యాపించియున్న ఆ జాతిని 1806లో లాత్రెయ్ అను ఫ్రెంచి ప్రకృతిశాస్త్రజ్ఞుడు వర్ణించెను. శాస్త్రగ్రంథములలో దానిపేరు రైపిసెఫలస్ సాంగ్వినియస్. దాని ముందరి కాళ్ళ కొనలయందు, 1881లో హాలర్ అను శాస్త్రజ్ఞుడు వర్ణించుటచే ఆయన పేరనే పిలువబడుచున్న ఒక సూక్ష్మేంద్రియము కలదు. కుక్క విడుచు ఊపిరిలోని బొగ్గుపులుసు వాయువును, దాని శరీరపు వెచ్చదనమును, దాని వాసనను ఈ యింద్రియము పసిగట్టును. ప్రాణి సమీపించినదని తెలిసినతోడనే, అంతవరకు గోడపగులులో జీవము లేనిదానివలె పడియున్న పిడుదు కదలి బయటికి వచ్చి, వెండ్రుకలను పట్టుకొని పైకెక్కి, చర్మము పలుచగా నుండు తావు వెదకుకొనును.

అచ్చట అది కరచు విధానము తెలిసికొనదగినది, ఏలయన దానిని తీయు విధానము దీనిపైననే ఆధారపడియున్నది. దాని నోటి భాగమునకు వెనుకకు వంగిన సన్నని ముండ్లు కలవు. ఆ భాగమును చర్మములోనికి దింపిన పిమ్మట, పలుజాతుల పిడుదులు గట్టిపడు ఒక ద్రవమును చుట్టును స్రవింపజేసి తమ్ము తామే అచ్చట అతికించుకొనును. పిడుదు లాలాజలమునందు నొప్పి తెలియనీయని పదార్థములును, రక్తమును గడ్డకట్టనీయని పదార్థములును ఉండుటచే, కుక్కకు ఆ కాటు సంగతియే తెలియకపోవచ్చును. ఆడపిడుదు ఒకటి మొదలు మూడు వారములవరకు అట్లే అంటిపెట్టుకొని రక్తము త్రాగి, నువ్వుగింజంతటి చప్పిడి దేహము బూడిదవన్నెకు తిరిగి, చూచువారికి ఆముదపు గింజవలె కనబడును. దాని ప్రక్కనో, క్రిందనో చిన్నదై బల్లపరుపుగా నుండు మరియొకటి కానవచ్చినచో, అది పిల్ల యని చాలమంది తలచుదురు. అది పిల్ల కాదు, ఎదిగిన మగపిడుదు. మగది ఎంత త్రాగినను అంతగా ఉబ్బదు.

ఇక మొదటి ప్రశ్నకు వత్తము. కడుపునిండ త్రాగిన ఆడది కుక్కమీద గ్రుడ్లు పెట్టదు. తనకు తానై నేలకు రాలి, చీకటియు తేమయు గల సందును వెదకుకొని, అచ్చట వేలకొలది గ్రుడ్లు పెట్టి మరణించును. ఆ గ్రుడ్లు ఒక్కొక్కప్పుడు నాలుగువేలను మించుటయు కలదు. వెచ్చని వాతావరణమున మూడు నాలుగు వారములలో ఆ గ్రుడ్లు పగిలి, కంటికి కనబడీ కనబడని ఆరుకాళ్ళ పిల్లలు వెలువడును. ఆ పిల్ల కుక్కపైకెక్కి కొన్ని దినములు రక్తము త్రాగి మరల దిగిపోవును. గోడసందున కుబుసము విడిచి ఎనిమిది కాళ్ళది యగును. రెండవసారి ఎక్కి త్రాగి మరల దిగును. మరల కుబుసము విడిచి పూర్ణవయస్కురాలై మూడవసారి ఎక్కును. ఇట్లు ఒక్క జీవితమున మూడుసారులు కుక్కను ఆశ్రయించి, మూడుసారులు దానిని విడిచిపోవును. కుక్కమీద గడుపు కాలము మొత్తము కొన్ని వారములే. తక్కిన కాలమంతయు ఇంటి గోడలలో, నులకమంచపు అల్లికలో, తలుపు చట్రము వెనుక, గోనెపట్టా మడతలలో, తాటాకు కప్పుక్రింద గడపును. ఆహారము లేకయే ఎదిగిన పిడుదు నెలల తరబడి, ఒక్కొక్కప్పుడు సంవత్సరమునకు పైగా జీవింపగలదు. ఇల్లు తాళము వేసి ఊరికి పోయి, వేసవి గడిపి తిరిగివచ్చిన కుటుంబము గడపదాటగానే పిడుదుల పాలగుటకు కారణము ఇదియే.

కావున నిన్న ఏరివేసినవి నేడు మరల పుట్టలేదు. నేడు కనబడునవి వేరు. అవి నిన్న గోడలో నుండెను, నేడు ఎక్కినవి. మనము కుక్కమీద చూచునది ఆ సైన్యములో ఒక చిన్న పటాలము మాత్రమే యని గ్రహించినవారికి, ఏరుటవలన మాత్రమే ఎన్నటికిని తరుగుదల కలుగకపోవుట ఆశ్చర్యము గొలుపదు.

పశువుల గోమారితో దీనిని పోల్చిచూచిన ఈ సంగతి మరింత స్పష్టమగును. మన ఆవులను ఎద్దులను ఎక్కువగా పట్టు గోమారి, పిల్లగా ఎక్కిన పశువు మీదనే కుబుసములు విడిచి, అచ్చటనే పెరిగి పెద్దదై, చివరకు గ్రుడ్లు పెట్టుటకు మాత్రమే నేలకు దిగును. దాని కాపురమంతయు పశువు దేహముపైననే గావున, పశువునకు క్రమము తప్పక మందు పట్టించినచో దాని వంశము క్షీణించును. అమెరికా సంయుక్తరాష్ట్రములవారు 1906లో ఇట్టి ప్రయత్నమునకు పూనుకొని, పశువులను మందునీటి తొట్లలో ముంచి తీయుచు, 1943 నాటికి మెక్సికో సరిహద్దు ప్రాంతము తప్ప దేశమంతట పశువుల గోమారిని నిర్మూలించిరి. కుక్కపిడుదు విషయమున కేవల స్నానముతో అట్టి విజయము సిద్ధింపదు. స్నానము చేయించిన గంటలో కుక్కమీదివి చచ్చినను, గోడలోనివి సురక్షితముగా నుండి, మందు బలము తగ్గిన మరుదినమునుండి మరల ఎక్కుచుండును. ఆవునకు సరిపోయిన మందు కుక్కకు ఏల సరిపోలేదని అడుగు రైతుకు చెప్పవలసిన సమాధానము ఇదియే.

రక్తము పోవుటయే ఈ పిడుదులవలన కలుగు ఆపద యైనచో ఇంత విస్తరించి చెప్పవలసిన పని లేకుండెను. కుక్కపిల్లలకు ఆ రక్తనష్టమే ప్రాణాంతకమగుట కలదు కాని, పెద్ద కుక్కలు దానిని ఓర్చుకొనును. అసలు భయము పిడుదు నోటిద్వారా ప్రవేశించు వ్యాధిబీజముల వలన. అమెరికాలోని పశువుల కాపరులు పశువులకు వచ్చు టెక్సస్ జ్వరమునకు గోమారియే మూలమని ఎంతో కాలముగా చెప్పుచుండగా పండితులు అనేకులు నమ్మకుండిరి. 1893లో థియోబాల్డ్ స్మిత్, కిల్బర్న్ అను శాస్త్రజ్ఞులు ఆ కాపరుల మాటయే సత్యమని పరిశోధనలతో నిరూపించిరి. దోమ కడుపులో మలేరియా బీజమును రొనాల్డ్ రాస్ మన సికింద్రాబాదున దర్శించినది 1897 ఆగస్టు 20వ తేదీన. అనగా దోమకంటె నాలుగు వత్సరములు ముందుగనే పిడుదుయొక్క దోషము బయల్పడినది. చదువులేని పశుపాలకుని అనుభవమును శాస్త్రము ఆలకించిన ఆ ఘట్టమును నేను మిక్కిలి గౌరవముతో స్మరింతును.

కుక్కల వ్యాధుల చరిత్రలో భారతదేశమునకు గల స్థానము కూడ అల్పము కాదు. కుక్క రక్తములోని తెల్లకణములందు నివసించు ఒక పరాన్నజీవిని జేమ్స్ అను వైద్యాధికారి ఈ దేశమునందే కనుగొని 1905లో వర్ణించెను. అది పిడుదు శరీరమున పెరుగు విధమును 1907లో క్రిస్టఫర్స్ తెలియజేసెను. ఈ వ్యాధియందలి విశేషమేమనగా, ఇది పిడుదు కరచుటవలన గాక, కుక్క తన దేహమును కొరుకుకొనుచు పిడుదును మ్రింగుటవలన సంక్రమించును. 1910లో పాటన్ అను శాస్త్రజ్ఞుడు మద్రాసు వేటకుక్కల రక్తమునందును, అటుపిమ్మట నక్కల రక్తమునందును మరియొక సూక్ష్మజీవిని చూచి వర్ణించెను. నేటికిని బెబీసియా గిబ్సొని అను పేర వ్యవహరింపబడు ఆ జీవి ఎఱ్ఱకణములలో చేరి వానిని ఛేదించుచు కుక్కను పాండురోగిని చేయును. ఆనాడు మన కోస్తా జిల్లాలును రాయలసీమయు ఆ మద్రాసు రాజధానిలోనివే యని వేరుగ చెప్ప నక్కరలేదు. 1935లో అల్జీరియాయందు దొనాసియన్, లెస్తొకార్ అను పరిశోధకులు వర్ణించిన ఎర్లికియా వ్యాధి మరింత దారుణమైనది. వియత్నాము యుద్ధకాలమున అమెరికా సైన్యపు కుక్కలు వందల సంఖ్యలో దీనికి బలియైనవి. తర్ఫీదు పొందిన ఆ శునకములను శత్రువుల తుపాకులకంటె పిడుదులే ఎక్కువ భయపెట్టవలసిన కాలము వచ్చుట విచారకరము.

ఈ వ్యాధుల లక్షణములను ప్రతి కుక్క యజమానియు ఎరిగియుండవలెను. ఎప్పుడును గిన్నె నాకి తుడుచు కుక్క తిండి ముట్టక మూల చేరి పడుకొనుట, దేహము కాలుట, పెదవిని ఎత్తి చూచినప్పుడు చిగుళ్ళు గులాబివన్నె కోల్పోయి తెల్లబడియుండుట, మూత్రము కాఫీ డికాక్షను రంగున వచ్చుట, ముక్కునుండి నెత్తురు కారుట, కడుపు చర్మముపై ఎఱ్ఱని లేక కమిలిన చుక్కలు కనబడుట. వీనిలో ఏ యొక్కటి కనబడినను, రేపు చూతమని వాయిదా వేయక పశువైద్యశాలకు తీసికొనిపోవలెను. వైద్యుడు చెవినుండి ఒక చుక్క రక్తము తీసి గాజుపలకపై పరచి సూక్ష్మదర్శినిలో చూచును. వేళకు గుర్తించినచో ఈ వ్యాధులలో చాలవరకు మందులకు లొంగునవే. ఐతే మందు వారములతరబడి ఇయ్యవలసి యుండును. కుక్క మూడవనాటికే లేచి తోక ఆడించినదని మానివేసినచో వ్యాధి లోపల దాగియుండి, నెలలకు మరింత బలముతో తలయెత్తును.

మనుష్యులకును ఈ పిడుదువలన కొంత భయము కలదు. మచ్చలతో కూడిన ఒక విధమగు జ్వరము, భారతీయ పిడుదు టైఫస్ అని వైద్యులు వ్యవహరించునది, దీనివలన సంక్రమింపగలదు. అరచేతులయందును అరికాళ్ళయందును గూడ మచ్చలు పొడచూపుట దాని గురుతు. పిడుదులున్న ఇంట జ్వరము వచ్చినవారు ఆ సంగతిని వైద్యునకు తప్పక చెప్పవలెను.

ఇప్పుడు పిడుదును తీయు విధానమును చెప్పుదును. ముల్లు తీయుటకు వాడు సన్నని మొన గల చిమటా ఒకటియు, మూత గల చిన్న సీసాలో కొంచెము స్పిరిటు గాని చిక్కని సబ్బునీరు గాని, చేతులకు తొడుగులు లేనిచో ఒక కాగితపు ముక్కయు దగ్గర ఉంచుకొనవలెను. కుక్కను వెలుతురున పరుండబెట్టి, దానికి పరిచయమున్నవారెవరైన తల నిమురుచు మాటలాడుచుండవలెను. వెండ్రుకలను రెండుప్రక్కలకు పాయదీసి, పిడుదు దేహమును గాక, దాని తల చర్మములో దిగిన చోటును, చర్మమునకు ఎంత దగ్గరగా సాధ్యమో అంత దగ్గరగా చిమటాతో పట్టుకొనవలెను. పిమ్మట మెలి త్రిప్పక, కుదుపక, ఒకే బలముతో నెమ్మదిగా పైకి లాగవలెను. అది వెంటనే రాకపోవచ్చును. అతికించుకొనియున్నదని చెప్పితిని గదా. తొందరపడక పట్టు సడలింపక యుండినచో కొన్ని క్షణములలో అదియే విడివడును. నోటిముక్క ఏదైన లోపల మిగిలినచో సూదితో కెలుకరాదు. చర్మము దానిని కొన్ని దినములలో తానే వెలికి నెట్టును. తీసిన తావును సబ్బునీటితో కడిగి క్రిమిసంహారిణి రాయవలెను. పసుపు అద్దుట మన ఇండ్లలో అలవాటు. దానివలన హాని లేదు. తరువాత మన చేతులను శుభ్రముగా కడుగుకొనవలెను.

తీసిన పిడుదును ఏమి చేయవలెనను విషయమున మనవారు చూపు అశ్రద్ధ మిక్కిలి హానికరము. కొందరు గోళ్ళమధ్య నొక్కి చంపుదురు. దాని రక్తములోని బీజములు వ్రేలి పగులులోనికో కంటిలోనికో చేరు ప్రమాదము కలదు. మరికొందరు ప్రాణముతోడనే వాకిట పారవేయుదురు. రక్తము త్రాగి ఉబ్బిన ఆడపిడుదు తనకు తానై నేలకు దిగి గోడ చేరుకొనవలెనని ఎదురుచూచుచుండగా, మన చేతులతో మనమే దానిని గమ్యస్థానమునకు చేర్చినవార మగుదుము. ఉత్తనీటిలో వేసిన అది గంటలు గడచినను చావదు. అందుచేతనే సీసాలోని స్పిరిటును లేక సబ్బునీటిని చెప్పితిని.

కిరసనాయిలు పోయుట, అగరువత్తితో గాని బీడీతో గాని కాల్చుట, వేసలైను పూసి ఊపిరి ఆడనీయకుండ చేయుట అను ఉపాయములు పల్లెలలోను పట్టణములలోను కూడ ప్రచారమున నున్నవి. వానిని నేను సర్వథా నిషేధించుచున్నాను. బాధపెట్టిన పిడుదు విడిచిపోవుటకు మారుగా, తన కడుపులోని ద్రవమును వ్యాధిబీజములతో సహా గాయములోనికి కక్కు అవకాశము కలదు. కిరసనాయిలు కుక్క చర్మమును బొబ్బలెక్కించును, నాకినచో లోపలికి పోయి ఊపిరితిత్తులను చెరచును. పాపము, నోరులేని ఆ ప్రాణి మనమీది విశ్వాసముచేత కదలక కూర్చుండి యోర్చుకొనునే కాని, అది దానికి మేలు చేయుట కాదు.

దినమున కొకసారి కుక్క దేహమంతటిని చేతితో తడిమి చూచుట అలవరచుకొనవలెను. చెవుల లోపలి మడతలు, కనురెప్పల అంచులు, బెల్టు క్రింద, ముందరికాళ్ళ చంకలు, తొడల సందు, తోక మొదలు, వ్రేళ్ళ నడిమి చర్మము, ఇవి పిడుదులు మెచ్చు తావులు. బెబీసియా వంటి కొన్ని బీజములు పిడుదు కరచిన ఒకటి రెండు దినములకు గాని లోపలికి చేరవు గావున, దినదినము వెదకువారు వానిని మార్గమధ్యముననే ఆపగలరు. ఎర్లికియా మాత్రము కొన్ని గంటలలోనే చేరగలదు. గ్రీకుల మహాకవి హోమరు తన ఒడిస్సీయందు, ఇరువది యేండ్లకు ఇల్లు చేరిన యజమానుని అందరికంటె ముందు గుర్తించిన ఆర్గోస్ అను ముసలి కుక్క పెంటదిబ్బపై పిడుదులు నిండి పడియున్నదని వర్ణించెను. ఆ ఇంట ఆ కుక్కను ముట్టుకొనువారు లేకుండిరని వేరుగ చెప్పక, ఆ ఒక్క వివరముతోనే ఆ కవి చెప్పగలిగెను. చేయి తగులు కుక్కమీద పిడుదు పెద్దది కాజాలదు.

ఇంటిని బాగుచేయుట మిగిలిన సగము పని; నా యభిప్రాయమున అదియే పెద్ద సగము. ఈ పిడుదునకు పైకి ప్రాకు స్వభావము మెండు. కుక్క పడుకొను చోట నేలను మాత్రమే కడిగి తృప్తిపడక, గోడవెంట పైకి, దూలముల వరకు, కిటికీ చట్రముల వెనుకకు, పటములు వ్రేలాడు మేకుల చుట్టును చూడవలెను. పగులులను సిమెంటుతో పూడ్చి సున్నము వేయించవలెను. కుక్క పడుకొను గోనెపట్టాను, దుప్పటిని వారమున కొకసారి మరగు నీటిలో ముంచి ఎండలో ఆరవేయవలెను. పాతపట్టాను కాల్చివేసి క్రొత్తది వేయుట ఇంకను మేలు. నులకమంచము క్రింద కుక్క పడుకొనునట్లయిన, మంచమును ఎండలోనికి తెచ్చి అల్లికలో మరగునీరు పోయవలెను. పెరటిలోని ఇటుకల గుట్టలు, కట్టెల మోపులు, మోకాలెత్తు గడ్డి తొలగింపవలెను. ఇంట మందు చల్లింప దలచినచో పశువైద్యుని సలహామీద, కుక్కలను పిల్లలను వెలుపలికి పంపి, మందు పూర్తిగా ఆరిన పిదప రానిచ్చుట విధి. ఒక్కసారి చల్లుట చాలదు. గ్రుడ్లమీద మందు పనిచేయమి తరచుగా జరుగును గావున, అవి పగులు సమయమునకు, అనగా మూడు వారముల ప్రాంతమున, మరల చల్లవలెను.

ఇక కుక్కకు ఇయ్యదగిన మందులు. ఇటీవలి దశాబ్దములలో ఈ శాఖయందు గొప్ప మార్పు కలిగినది. ఫిప్రోనిలు అను మందును మెడవెనుక చర్మముపై చుక్కలుగా వేయుదురు. ఫ్లుమెత్రిను, డెల్టామెత్రిను చేర్చిన మెడబెల్టులు నెలల తరబడి పనిచేయును. 2014 మొదలు వాడుకలోనికి వచ్చిన ఫ్లూరలానరు, ఆఫొక్సొలానరు అను బిళ్ళలు కుక్క తినగనే రక్తములో చేరి, ఆ రక్తము త్రాగిన పిడుదును చంపును. వీనిలో మొదటిదాని ప్రభావము పండ్రెండు వారములును, రెండవదానిది ఒక నెలయు నుండును. బిళ్ళ వేసిన పిదప కూడ కుక్కమీద పిడుదు కనబడినదని మందు పనిచేయలేదని నిరాశపడరాదు. కరచిన తరువాతనే అది చచ్చును, కొన్ని గంటలు పట్టును. ఇట్లు గోడనుండి ఎక్కిన ప్రతి పిడుదును చచ్చుచుండగా కొన్ని నెలలకు ఇల్లే ఖాళీయగును. నడుమ మానినచో చేసినదంతయు వ్యర్థము. మూర్ఛలు వచ్చు కుక్కలకు ఈ బిళ్ళలు ఇచ్చుటకు ముందు వైద్యునకు ఆ సంగతి చెప్పవలెను. కుక్క బరువునుబట్టి మోతాదు ఉండును గావున, పెద్దకుక్క బిళ్ళను విరిచి పిల్లకు పెట్టుట కూడదు. కుక్కకై తయారైన పెర్మెత్రిను మందు పిల్లికి ప్రాణాంతకము. రెండును కలిసి పండుకొను ఇండ్లలో ఈ మాట మరువరాదు. కోలీ జాతి కుక్కలలో పెక్కింటికి ఐవర్‌మెక్టిను సూది విషమగును.

మన పెరటి వైద్యములందు వేపనూనెకు కొంత గుణము కలదు. పలుచగా రాచినచో ఆ వాసనకు పిడుదులు కొంత వెనుదీయును. గోడలు నిండినప్పుడు మాత్రము అది చాలదు. సీతాఫలపు గింజల పొడిని పేలకు వాడు అలవాటునుబట్టి కుక్కకు పట్టించువారు కలరు. అది కంటిలో పడినచో కంటిపొరను పుండుచేయును. కుక్క కాలితో ముఖము తుడుచుకొనును గావున ఆ ప్రమాదము తప్పనిది. పొగాకు కషాయము చర్మముద్వారా సయితము లోపలికి పోయి విషమగును. వీనిని మానుటయే మేలు.

అన్నింటికంటె ఘోరమైనది మరియొకటి. పత్తిచేనికి కొట్టగా మిగిలిన పురుగుమందును డబ్బాలోనిది నీటిలో కలిపి కుక్కకు పోయుట మన పల్లెలలో నేటికిని జరుగుచున్నది. పిడుదులతోపాటు కుక్కయు, చొంగ కార్చుచు వణకుచు, ఆ సాయంకాలమే ప్రాణము విడుచును. పశువులకని అమ్ము అమిట్రాజును కొలత లేక కుక్కకు పోయుటయు ఇట్టిదే. మధుమేహము గలవారు ఆ మందును చేతితో తాకకుండుట మంచిది. పొరపాటున పురుగుమందు పడినచో వెంటనే సబ్బుతోను విస్తారమగు నీటితోను కడిగి, ఆ డబ్బాను చేతబట్టుకొని వైద్యుని యొద్దకు పరుగెత్తవలెను. డబ్బామీది పేరు చూచినగాని విరుగుడు ఏదో ఆయనకు తెలియదు.

చివరకు వీధికుక్కల విషయము. మన ఇంటి కుక్కను ఎంత శుభ్రపరచినను, అరుగుమీద పడుకొను వీధికుక్క దేహమునుండి పిడుదులు రాలుచునే యుండును. అందుచేత దానిని కఱ్ఱతో తరుముదమనువారు కలరు. ఏ తప్పు చేయని తన బిడ్డను జనమేజయుని తమ్ములు కొట్టిరని దేవశుని సరమ యాగశాలకు పోయి న్యాయమడిగిన కథను భారతము ఆదిపర్వమున మనవారు చదివినవారే. తరిమిన కుక్క ప్రక్కవీధి అరుగు చేరును, పిడుదులు ఆ అరుగు చేరును. వీధికి కలుగు మేలు లేదు. నలుగురు ఇరుగుపొరుగువారు కలిసి, వీధిలోని కుక్కలకు పశువైద్యుడు బరువునుబట్టి చెప్పిన ఫ్లూరలానరు బిళ్ళను అన్నపు ముద్దలో పెట్టి మూడునెలల కొకసారి తినిపించినచో, దగ్గరికి రానీయని కుక్కకును చికిత్స జరుగును. ఆ బిళ్ళకగు వ్యయమును నలుగురు పంచుకొనవచ్చును. ఏ కుక్కకు ఏనాడు ఇచ్చినది ఒక పుస్తకమున వ్రాసికొనుట, పిచ్చికుక్క వ్యాధి రాకుండ వేయు టీకాను గూడ ఆ సందర్భముననే వేయించుట మంచిది. తొలకరి ముదురక మునుపే, అనగా జ్యేష్ఠమాసములోనే ఈ పనికి ఉపక్రమించినచో గోడలలోని సంతతి పెరుగకమునుపే దానిని పట్టుకొనగలము.